రైతు లెక్కను దిద్దిన దొర: సర్ థామస్ మన్రో

అనంతపురం పీఠభూమిలో రైతు జీవితాన్ని చిరకాలంగా శాసించినవి రెండు. ఒకటి ఆకాశం నుండి రాలే చినుకు. రెండవది లెక్క పుస్తకంలో అతని పేరుకు ఎదురుగా వ్రాసిన అంకె. చినుకు మన చేతిలో లేదు. అంకె మాత్రం మానవుడు వ్రాసినదే, మానవుడు దిద్దగలిగినదే. ఒక అంకెను దిద్దటం సులభం. వేలాది పొలాలకు చెందిన అంకెలను ఒకే ఉత్తరువుతో దిద్దవలసి వచ్చినప్పుడు, తప్పు తొలగి, ఒప్పు చెడకుండా, ఏ ఒక్కరికీ అన్యాయం జరగకుండా దిద్దటం ఎట్లు? నేడు కంప్యూటరు ముందు కూర్చుని డేటాబేసులోని లక్ష రికార్డులను మార్చబోయే యువకునికి ఎదురయ్యే ప్రశ్న ఇదే. రెండు శతాబ్దాల క్రిందట, కంప్యూటరు లేని కాలంలో, మన అనంతపురంలోనే కచేరి పెట్టుకొని ఈ ప్రశ్నతో కుస్తీ పట్టిన వ్యక్తి సర్ థామస్ మన్రో. ఆయన జీవితాన్ని ఈ దృష్టితో మన విద్యార్థి లోకానికి పరిచయం చేయదలచాము.

మన్రో 1761వ సంవత్సరం మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వర్తకం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వలన ఆ వర్తకం కూలిపోయింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో గణిత, రసాయన శాస్త్రాలను అభిమానంతో చదివిన కుమారుడు పొట్ట చేతబట్టుకొని ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసు రేవులో దిగాడు. వచ్చిన ఏడాదే హైదరలీతో యుద్ధం మొదలయింది. తుపాకి పట్టిన ఆ యువకుడు పుస్తకం మాత్రం విడువలేదు. మునిషీల వద్ద పారశీకం, హిందూస్తానీ నేర్చుకున్నాడు. షేక్స్‌పియరు రచించిన వెనిస్ వర్తకుని కథను పోలిన ఒక కథను పారశీక వ్రాతప్రతిలో చదివి ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ అనువాదాన్ని ఎడ్మండ్ మలోన్ అనే పండితుడు తాను పరిష్కరించిన షేక్స్‌పియరు గ్రంథాలలో చేర్చుకున్నాడు. మాంసం కోయటానికి పత్రం ఉన్నది గాని రక్తం చిందించటానికి పత్రం లేదన్న వాదం ఆ కథకు ప్రాణం. పత్రంలోని ఒక్క మాట మీద మనిషి ప్రాణం నిలబడుతుందని మన్రో వయసులోనే గ్రహించాడనుకోవటం అసంగతం కాదు.

1792లో టిప్పు సుల్తాను నుండి బారామహల్, అనగా నేటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం, కంపెనీకి వచ్చింది. అక్కడ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ క్రింద ఏడేళ్లు పనిచేసి మన్రో రెవెన్యూ విద్యను అభ్యసించాడు. జమీందారునో గుత్తదారునో మధ్య పెట్టక, ప్రతి రైతుతోనూ ప్రతి పొలానికీ నేరుగా శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతి అక్కడే రూపు దిద్దుకొన్నది. తరువాత కొద్దికాలం కన్నడ జిల్లాలో పనిచేశాడు. 1800 అక్టోబరులో హైదరాబాదు నిజాం కంపెనీకి దత్తం చేసిన బళ్లారి, అనంతపురం, కడప తదితర ప్రాంతాలకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. దత్త మండలాలని నాడు పిలువబడి 1928 నుండి రాయలసీమగా పేరుగాంచిన మన ప్రాంతమే అది. ఏడేళ్లపాటు ఆయన ఈ నేలపై తిరిగాడు. అనంతపురం ఆయన ముఖ్య స్థానం. గుర్రమే వాహనం, గుడారమే కచేరి. ఇచ్చట తెలుగు, కన్నడ భాషలు ఆయనకు నిత్యావసరాలయ్యాయి.

వచ్చినప్పుడు ఆయనకు లభించిన లెక్కలు ఎటువంటివి? విజయనగర కాలపు అంచనాలపై బిజాపూరు, మొగలాయి, మరాఠా, మైసూరు, నిజాం ప్రభుత్వాల అంచనాలు పొరలు పొరలుగా పేరుకొన్నాయి. సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు తమ తమ సీమలలో తామే ప్రభువులు. గ్రామానికొక కొలత, కరణానికొక లెక్క. అటువంటి పుస్తకాలను ఎంత శ్రద్ధగా దిద్దినా ప్రయోజనం శూన్యం. పునాది కొలతే వేరువేరుగా ఉన్నప్పుడు పై అంకెను ఎంత మార్చినా అది కొత్త తప్పు అవుతుంది. కాబట్టి మన్రో దిద్దుబాటుకు పూనుకొనలేదు. మొదట కొలతకు పూనుకొన్నాడు.

1802లో పైమాయిషీ ప్రారంభమయింది. అప్పటికి భూమిని శాస్త్రీయంగా కొలవటం తెలిసినవారు ఈ సీమలో లేరు. బారామహల్ నుండి నలుగురు గుమాస్తాలను రప్పించి, ముందుకు వచ్చిన స్థానికులకు ఆ విద్య నేర్పించాడు. గొలుసు పొడవు 33 అడుగులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల ఒక గుంట, అనగా 1,089 చదరపు అడుగులు. అటువంటి 40 గుంటలు ఒక ఎకరం.  ఒక జట్టు కొలిచినదానిలో కొంత భాగాన్ని పైతనిఖీదారులు తిరిగి కొలిచేవారు. తేడా హద్దు మీరితే కొలిచినవాని ఉద్యోగం ఊడేది. కొలత పూర్తయిన తరువాత నేల తరగతిని నిర్ణయించేవారు వచ్చేవారు. వారిపైన మరల పరీక్షకులుండేవారు. చివరకు గ్రామపెద్దలను, కరణాలను, రైతులను కచేరికి పిలిపించి, ప్రతి అంకెను చదివి వినిపించి, ఆక్షేపణలు విని, అవసరమైనచోట తగ్గించి ఖాయపరచేవారు.

ఈ వ్యవస్థలో ఒక సూక్ష్మం ఉన్నది. అంకెను వ్రాసినవాడు వేరు, పరీక్షించినవాడు వేరు, ఆ అంకె వలన బాధపడేవాడు వేరు. ముగ్గురి కళ్లూ దానిపై పడిన తరువాతనే అది పుస్తకానికెక్కింది. వ్రాసినవాడే తన తప్పును తానే కనిపెట్టగలడన్న భ్రమకు మన్రో తావివ్వలేదు.

ఆ పుస్తకాల భాషను గురించి మా పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. రైతు, కిస్తు, జమాబందీ, తహసీలు, తాలూకా, జిల్లా, ఫసలీ, ఇనాము, దస్త్రం అన్నవి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన అరబ్బీ, పారశీక పదాలు. గుంట, చెరువు, మడి, చేను, కట్ట అన్నవి అచ్చమైన తెలుగు మాటలు. మెట్ట ఖుష్కీ అయింది, మాగాణి తరీ అయింది, తోట బాగాయతు అయింది. ఒకే పంక్తిలో రెండు భాషలూ పక్కపక్కన కూర్చొని ఒకే పేద రైతు లెక్కను చెప్పేవి. మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చొన్నట్లే, మన సీమ దస్త్రాలలో రెండు భాషలు రెండు శతాబ్దాలకు మించి కలిసి కాపురం చేశాయి.

ఇక బుక్కరాయసముద్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. విజయనగర ప్రభువు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరుకు కట్ట వేయించి నిర్మించిన చెరువులివి. అనంతపురం, బుక్కరాయసముద్రం గ్రామాలు వాటి ఒడ్డున వెలసినవే. తెగబోయిన ఈ చెరువు కట్టకు తన ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యంగా రచించారు. నీటికి ఇంతటి విలువ ఉన్న ఊరిలో మూడు పొలాలు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. మొదటిది వానను నమ్ముకొన్న మెట్ట. రెండవది చెరువు తూము క్రింద పారే మాగాణి. మూడవది రైతు తన ఖర్చుతో బాగుచేసుకొనే బావి క్రింది తోట. కంటికి రెండవది, మూడవది ఒకే పచ్చదనం. కాని ఒకదానికి నీరు ప్రభుత్వపు చెరువు నుండి, మరొకదానికి రైతు చెమట నుండి. ఈ తేడా పొలంలో కనిపించదు. దస్త్రంలో నీటి వసతి అన్న గడిలో మాత్రమే కనిపిస్తుంది.

1807 ఆగస్టులో మన్రో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో ఈ తేడాయే కీలకమయింది. తాను నిర్ణయించిన శిస్తు పంటలో నూటికి సుమారు 45 వంతులు తీసుకొంటున్నదని, అది మూడవ వంతుకు దిగితేనే రైతుకు భూమి ఆస్తిగా మిగులుతుందని ఆయన లెక్క కట్టాడు. కాబట్టి అన్ని భూములపై నూటికి 25 తగ్గించాలని ప్రతిపాదించాడు. రైతు తన ఖర్చుతో బాగుచేసుకొనే బావుల క్రింది భూములకు, యంత్రంతో ఏటినుండి నీరు తోడుకొనే భూములకు మరొక 8, అనగా మొత్తం 33 తగ్గించాలన్నాడు. చిన్న చెరువుల మరమ్మతును రైతులే వహించేచోట వారికీ అదే తగ్గింపు.

ఈ ప్రతిపాదనలో మొత్తం 33 అన్న మాటను గమనించాలి. ఒక తోటకు శిస్తు 100 రూకలనుకుందాం. మొదట 25 తగ్గిస్తే 75. తరువాత మరొక 8 తగ్గించమన్నప్పుడు, గుమాస్తా ఆ 8 వంతులను 75 మీద కడితే తగ్గేది 6 రూకలే, మిగిలేది 69. అసలు 100 మీద కడితే మిగిలేది 67. రెండు రూకల తేడా ఒక పొలానికి అల్పమే. వేల తోటలకు అదే తేడా పడితే అది ఒక తాలూకా కన్నీరు. మొత్తం ఇంత అని స్పష్టంగా చెప్పటం వలన ఆ సందేహానికి చోటు లేకపోయింది. అట్లే, ఒక గ్రామానికి తగ్గింపు వ్రాసిన సంగతి మరచి, మరొక గుమాస్తా అదే గ్రామానికి మరల 25 తగ్గిస్తే, 100 కాస్తా 75 అయి, 75 కాస్తా 56 రూకల పావు అవుతుంది. తగ్గించింది మంచికే అయినా లెక్క చెడింది. పొరుగు గ్రామంతో పోల్చినప్పుడు న్యాయమూ చెడింది. కాబట్టి పాత అంకెను చెరపకుండా పక్కన కొత్త అంకెను వ్రాయటం, ఈ వరుస దిద్దబడినదన్న గుర్తు ఉంచటం తప్పనిసరి.

మరొక జాగ్రత్త మినహాయింపులకు సంబంధించినది. దేవాలయాలకు, మసీదులకు, దర్గాలకు, గ్రామసేవకులకు ఇచ్చిన ఇనాము భూములు మామూలు శిస్తు లెక్కలోనివి కావు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠపు భూముల విషయమై విచారణకు వచ్చిన మన్రోకు స్వామి దర్శనమిచ్చి మాట్లాడాడని, పిమ్మట ఆ భూములు మఠానికే నిలిచాయని మన సీమలో జనశ్రుతి. కథలోని మహిమను భక్తుల విశ్వాసానికి వదలినా, అందులో రెవెన్యూ నీతి ఒకటున్నది. అందరికీ వర్తించే ఉత్తరువును అమలు జరిపే ముందు, ఎవరికి వర్తించదో స్వయంగా వెళ్లి విచారించాలి.

మన్రో ప్రతిపాదనను నాటి ప్రభుత్వం అంగీకరించలేదు. 1807లో ఆయన స్వదేశానికి మరలిపోయాడు. దత్త మండలాలు బళ్లారి, కడప జిల్లాలుగా చీలాయి. రైతువారీ లెక్కకు బదులు గ్రామం మొత్తాన్ని గుత్తకు ఇచ్చే పద్ధతి వచ్చింది. మొదట మూడేళ్ల గుత్త, తరువాత పదేళ్ల గుత్త. సర్కారుకు ఇక కావలసింది గ్రామపు మొత్తం ఒక్కటే. ఏ పొలానికి ఎంత, ఏ రైతు భారమెంత అన్నది గుత్తదారుని ఇష్టానికి విడువబడింది. ఇందులో ఒక గొప్ప పాఠమున్నది. విడి అంకెలనుండి మొత్తాన్ని ఎప్పుడైనా కూడవచ్చు. మొత్తంనుండి విడి అంకెలను ఎన్నటికీ రాబట్టలేము. గుత్తలు విఫలమయ్యాయి. గుత్తదారులలో పలువురు చితికిపోయారు, రైతులు వారికంటె ముందే చితికిపోయారు.

1814లో మన్రో న్యాయపాలన సంస్కరణ సంఘానికి అధ్యక్షుడై తిరిగి వచ్చాడు. 1817-18లో మరాఠా యుద్ధంలో సేనానిగా పేరుగాంచాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరు పదవి ఆయనను వరించింది. పదమూడేళ్ల క్రిందట కలెక్టరుగా కోరిన తగ్గింపును ఇప్పుడు గవర్నరుగా తానే ఇచ్చాడు. మెట్టకు, మాగాణికి నూటికి 25, తోటలకు 33. రైత్వారీ పద్ధతి తిరిగి నెలకొన్నది. ఆనాడు ఆ ఉత్తరువు అమలుకు ఆధారమయినది ఏమిటి? 1802 నుండి ఎండలో గొలుసులు లాగినవారు పొలం పొలానికీ వ్రాసిపెట్టిన పైమాయిషీ పుస్తకాలే. పాత దస్త్రం భద్రంగా ఉండబట్టే కొత్త న్యాయం సాధ్యపడింది.

మన్రోను దేవునిగా చిత్రించటం మా ఉద్దేశం కాదు. ఆయన పరాయి కంపెనీ ఉద్యోగి. ఆయన మొదట విధించిన శిస్తు భారమైనదని ఆయన లెక్కయే చెబుతున్నది. ఆ భారాన్ని మన తాతముత్తాతలు పదమూడేళ్లు మోశారు. ఆయన కొలతకు నేటివంటి గ్రామపటాలు లేకపోవటం పెద్ద కొరత. 1858లో మద్రాసు ప్రభుత్వం సర్వే శాఖను నెలకొల్పి కొలతలను మరల మొదటినుండి చేయించవలసి వచ్చింది. అయినను ఒక గుణం ఆయనను తక్కిన పాలకులనుండి వేరుచేసింది. మార్చే ముందు లెక్కించటం ఆయన స్వభావం. గవర్నరయిన తరువాత 1822లో దేశీయ విద్యను గురించి విచారణ జరిపించాడు. కొత్త బడులు పెట్టకమునుపు ఉన్న బడులెన్నో తెలుసుకోవాలని కలెక్టర్లను ఆదేశించాడు. మద్రాసు రాజధానిలో 12,498 పాఠశాలలలో 1,88,650 మంది విద్యార్థులు చదువుతున్నట్లు 1826లో తేలింది. ఉన్నదేమిటో తెలియక దిద్దబూనటం ఆయనకు సమ్మతం కాదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. అడంగలు, 1-బి లెక్కలు కంప్యూటరుకెక్కాయి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే ప్రారంభమయింది. పూర్వం వంద గుమాస్తాలు ఏడాదిపాటు దిద్దినదాన్ని నేడు ఒక్క ఆజ్ఞ క్షణంలో దిద్దుతుంది. తప్పయినా అంతే వేగంతో ఊరూరా వ్యాపిస్తుంది. మన సీమకే ప్రత్యేకమైన ఒక ఉదాహరణ చూడండి. మన పల్లెలలో ముస్లిములు కొందరి పేర్లు దస్త్రాలలో ఉసేను అని నమోదయ్యాయి. వాటిని హుస్సేన్ అని సవరించదలచి, ఒక యువకుడు ఉసేన అన్న అక్షరాలు కనిపించిన ప్రతిచోటా మార్చమని కంప్యూటరుకు చెప్పాడనుకుందాం. పీర్లకు మొక్కుకొని బిడ్డకు ఉసేనప్ప అని పేరు పెట్టుకొన్న హిందూ కుటుంబాలు ఈ సీమలో ఉన్నాయి. అక్షరాల పోలికను మాత్రమే నమ్మితే ఆ ఉసేనప్పల పేర్లు కూడా మారి వికృతరూపం దాల్చుతాయి. గూగూడు కుళ్లాయిస్వామి పేరు పెట్టుకొన్న కుళ్లాయప్పలు రెండు మతాలలోనూ ఉన్నారు. కాబట్టి పేరును బట్టి మనిషిని వెదకటం ప్రమాదం. ఖాతా సంఖ్యను, సర్వే సంఖ్యను, గ్రామాన్ని కలిపి వెదకాలి. పట్టా పుస్తకంలోని పేరు ఆధారు కార్డుతో పొసగకపోతే బ్యాంకులో అప్పు నిలిచిపోతుంది, పంటనష్టం సొమ్ము ఆగిపోతుంది. దోషం యంత్రానిది, దండన రైతుది.

మన్రో జీవితంనుండి ఈ పనికి పనికివచ్చే నియమాలను మేము ఇట్లు గ్రహించాము. మార్చే ముందు పాత దస్త్రానికి పూర్తి నకలు తీసి వేరొకచోట భద్రపరచాలి. ఏ షరతుపై మార్చదలచామో ఆ షరతుకు లోబడే వరుసలను ముందుగా కేవలం వెదకి చూచి, అవి ఎన్నో లెక్కపెట్టాలి. వందలు ఉండవలసినచోట వేలు కనిపిస్తే చేయి వెనుకకు తీసుకోవాలి. మినహాయింపులను పేరుపేరునా విడిగా వ్రాసుకోవాలి. మొదట ఒక్క గ్రామంపై ప్రయోగించి, ఫలితాన్ని ఆ గ్రామం తెలిసినవారికి చూపాలి. పిమ్మట మొత్తానికి వర్తింపజేసినా వెంటనే ఖాయం చేయరాదు. మారిన వరుసల సంఖ్య ముందు లెక్కించిన సంఖ్యతో సరిపోయినదా, మారినవి, మారనివి కలిపి మొత్తం పూర్వపు మొత్తానికి సమానమేనా అని పరీక్షించి, సరిపోతేనే ముద్ర వేయాలి. కాకపోతే యథాస్థితికి తేవాలి. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను ఏ అంకెగా మార్చారో వ్రాసి ఉంచాలి. అన్నింటికంటె ముఖ్యంగా, ఎవరి లెక్క మారిందో వారికి తెలియజేసి, ఆక్షేపణ చెప్పే అవకాశం ఇవ్వాలి. నాడు గుడారం ముందు నిలుచున్న రైతుకు ఉండిన ఆ అవకాశం నేటి రైతుకు లేకపోతే మనం ముందుకు పోయినట్లు కాదు.

1827లో పదవి విడిచి స్వదేశం వెళ్లబోతూ, తాను ప్రేమించిన దత్త మండలాలను కడసారి చూడాలని మన్రో పర్యటనకు బయలుదేరాడు. జూలై 6వ తేదీన కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా వ్యాధికి బలియై, అదే రోజున మరణించాడు. మన గుత్తిలో ఆయనను ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. శిల్పి ఛాంట్రీ మలచిన ఆయన అశ్వారూఢ విగ్రహం 1839లో మద్రాసులో ప్రతిష్ఠితమయింది. రాయలసీమ రైతులు మాత్రం ఆయనకు కంచు విగ్రహం పోయలేదు. తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. శిస్తు పుస్తకంలోని అంకెను తగ్గించిన వ్యక్తికి ప్రజలు తమ ఇంటి పుస్తకంలో చోటిచ్చారు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో అనేకులు రేపు సచివాలయాలలో, బ్యాంకులలో, ఆసుపత్రులలో, విద్యాసంస్థలలో ఇటువంటి దస్త్రాల ముందు కూర్చొంటారు. తెర మీద మీకు కనిపించేది ఒక వరుస, ఒక గడి, ఒక అంకె. దాని వెనుక బుక్కరాయసముద్రం చెరువు క్రింద మడి దున్నే ఒక మనిషి ఉన్నాడు. మీటను నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి ఆ మనిషిని తలచుకోండి. ఆ క్షణపు ఆలస్యం వలన ఎవరికీ నష్టం లేదు.